తాగుబోతు మర

ఆ షాపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. జీతాల కాగితం మీద తప్ప తనకొక పేరుందన్న సంగతి ఆయనకే గుర్తుండేది కాదేమో. అందరికీ ఆయన మైక్రాన్. తలవెంట్రుకను నిలువునా డెబ్బై పోగులు చీలిస్తే అందులో ఒక్క పోగు మందం ఎంతో, అంత. ఇరవై తొమ్మిదేళ్లు లేతు యంత్రం ముందు నిలబడి ఇనుప కడ్డీలను కొలతకు చెక్కుతూ, "ఫరవాలేదులే" అన్న మాటను ఆ చుట్టుపక్కలకు రానివ్వని మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు. ఎవరైనా ముక్క చేసి తెస్తే భూతద్దం కింద పెట్టి చూసి, "బాగుంది, ఇంకోటి చెయ్యి" అనేవాడు. అంటే బాగాలేదని అర్థం.

అలాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట బొటనవేలు, తర్వాత మణికట్టు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన ముందు లేతుని తిట్టాడు. బేరింగులు అరిగాయన్నాడు, కరెంటు సరిగ్గా రావడం లేదన్నాడు, చివరికి టీ మానేశాడు. ఒకే వారంలో మూడు షాఫ్టులు పాడయ్యాక తిట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. ఫోర్‌మన్ ఆయన్ని లేతు మీద నుంచి తీసి స్టోరు గదిలో కూర్చోబెట్టాడు. అడిగినవాళ్లకు నట్లూ బోల్టులూ లెక్కపెట్టి ఇవ్వడం అక్కడి పని. ఆ ఫోర్‌మన్‌కు లేతు నేర్పింది ఈయనే. అందుకే ఆ మాట చెప్పేటప్పుడు అతను తలెత్తి చూడలేకపోయాడు.

"గురువుగారూ, ఓనర్ని ఒప్పించాను. మీకొక పరీక్ష పెడతారు. ఒక ముక్క చేసి చూపించాలి. కొలతకొస్తే మీ లేతు మీకే. రాకపోతే ఇంక స్టోరే. ఎప్పుడు చేస్తారన్నది మీ ఇష్టం, కానీ ఒక్కసారే అన్నారు. డాక్టరు మూడు నెలలని చెప్పాడు కదా, మందు పట్టేదాకా ఆగండి. తొందరేం లేదు."

డాక్టరు చెప్పిన మాట నిజమే. మందు పట్టొచ్చు, పట్టకపోవచ్చు, మూడు నెలలు పోతేగాని తెలియదన్నాడు. నెలన్నర గడిచింది. స్టోరు గది కిటికీ లోంచి ఆయన లేతు కనిపించేది. దాని మీద ఇంకెవరో పనిచేస్తుంటే, శబ్దాన్ని బట్టే ఇక్కడ ఈయనకు లోహాన్ని కోసే టూలు మొద్దుబారిందని తెలిసిపోయేది. లేచి వెళ్లి చెప్పాలని కాళ్లు లాగేవి. చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు.

ఇంట్లో మాత్రం ఆయనకొక బండి ఉంది.

బండి అంటే ఎక్కి తిరిగేది కాదు. మూరెడు పొడవున, రిమోటుతో నడిచేది. రయ్యిమని దూసుకుపోయే బొమ్మకారు అనుకునేరు, దీనికి పరుగన్నది రాదు. నత్త పక్కన నడిపిస్తే నత్తే కాసేపు ఆగి తోడు రమ్మంటుంది. దీని పనల్లా బండరాళ్లు ఎక్కడం. ఆయనా, ఆయన బావమరిదీ కలిసి నాలుగేళ్లుగా దాన్ని కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. బావమరిది లిఫ్టు మెకానిక్కు. వైర్లూ మోటారూ రిమోటూ అతని వంతు, ఇనుమూ ఇత్తడీ ఈయన వంతు. కొని తెచ్చిన భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చట్రాన్ని పాడైపోయిన వాషింగ్ మెషీన్ మూత నుంచి కత్తిరించారు. గేర్లు పాత ప్రింటరువి. టైర్లలో గాలికి బదులు గిన్నెలు తోమే స్పాంజి. బరువంతా కిందే ఉండాలని చక్రాల లోపల ఇత్తడి కడియాలు చేసి దిగ్గొట్టాడు. రాయి తగిలినా పొట్ట జారిపోవడానికి అడుగున ఒక స్టీలు గరిటెను సాగగొట్టి బిగించాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో గరిటె కనబడకపోతే భార్య ముందు బండిని తిరగేసి చూసేది.

కుడి చక్రమూ ఎడమ చక్రమూ కలిసే తిరిగేలా ఇరుసును బిగించేసిన రోజున బావమరిది పగలబడి నవ్వాడు. "ఒకటి గాల్లో వేలాడుతున్నా రెండోది లాగుతూనే ఉండాలి. మలుపు తిరగాలంటే రెండింటికీ కష్టమే. ఇది అచ్చం సంసారం బావా."

"మీ అక్క వింటుందిరా, మెల్లగా."

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఊరి చివర రాళ్లు కొట్టి వదిలేసిన గుంటకు వెళ్లేవాళ్లు. అక్కడ రాళ్లన్నిటికీ పేర్లున్నాయి. నున్నగా బోడిగుండులా ఉన్నది పెద్దాఫీసరు. ఎటు నుంచి వెళ్లినా తేలిగ్గా ఎక్కనిచ్చేది మంచిబాబాయి. అన్నిటికంటే వెనక, నిటారుగా లేచి, పైకొచ్చేసరికి మూతి ముందుకు పెట్టినట్టు వంగిన రాయి పేరు అలిగిన అల్లుడు. ఎంత చేసినా ఒప్పుకోడు. "నిన్ను చూసే పెట్టాను బావా ఈ పేరు. పెళ్లయిన కొత్తలో మా ఇంటికొస్తే నీ మూతి సరిగ్గా ఇలాగే ఉండేది" అనేవాడు బావమరిది. ఈయన ఆ మాట విననట్టు బండి చక్రాలు తుడిచేవాడు. రిమోటు ఎప్పుడూ బావమరిది చేతిలోనే ఉండేది. చేసేది నువ్వు, తోలేది నేను అని వాళ్లలో వాళ్లకు ఒప్పందం.

చెయ్యి వణకడం మొదలయ్యాక బండి అల్మరా ఎక్కింది. ఏడాది పాటు దాని మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అల్లుడి దగ్గర చిక్కేమిటో ఆయన ఏడాది కిందటే లెక్క తేల్చి పెట్టాడు. ముందు చక్రాలు ఆ వంపు దాకా చేరతాయి, అక్కడ బండి వెల్లకిలా పడుతుంది. ముందు ఇరుసును చట్రానికి కలిపే కింది కడ్డీలు రెండూ ఎనిమిది మిల్లీమీటర్లు పొడుగైతే చక్రాలు ముందుకు జరుగుతాయి, బరువు ముందుకొస్తుంది, బండి పట్టు వదలదు. అల్లిక సూదంత కడ్డీలు. రెండు కొసలకూ మర కొయ్యాలి. మర అంటే బోల్టు ఒంటి చుట్టూ తిరిగే గాడి, అంతే. ఒకప్పుడు పక్కవాడితో కబుర్లు చెబుతూ కోసేసే పని.

ఒక శుక్రవారం స్టోరులో నట్లు లెక్కపెడుతూ, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టబోతూ ఆయన మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రెండు కడ్డీలూ నా చేత్తోనే చేస్తాను. వాటి మీద బండి అల్లుడి నెత్తికెక్కితే చెయ్యి ఇంకా నాదే, సోమవారం వెళ్లి పరీక్ష అడుగుతాను. ఎక్కకపోతే మందు పట్టేదాకా నోరెత్తను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెబితే వద్దంటుంది. బావమరిదికి చెబితే అది నేరుగా అక్క చెవిలో పడుతుంది. ఆయన నోరు విప్పి ఎవరో ఒకరికి చెప్పి ఉంటే ఇంత కథ ఉండేదే కాదు.

శనివారం పొద్దుటి నుంచీ బాల్కనీలో బల్ల ముందు కూర్చున్నాడు. ఇంట్లో లేతు లేదు, చిన్న బిగింపు పట్టూ, మర కోసే డై మాత్రమే ఉన్నాయి. డై అంటే లోపల పళ్లున్న ఉక్కు బిళ్ల. కడ్డీ కొస మీద దాన్ని తిన్నగా కూర్చోబెట్టి తిప్పుతూ పోతే మర తెగుతుంది. అంతా మొదటి చుట్టులోనే ఉంది. అక్కడ బిళ్ల రవ్వంత వంకరగా పట్టిందా, మర కడదాకా ఊగుతూ పోతుంది, ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన. షాపులో దాన్ని తాగుబోతు మర అంటారు. చూడ్డానికి మరలాగే ఉంటుంది, బిగుస్తుంది కూడా, బరువు పడ్డ రోజున జారిపోతుంది. తన రోజుల్లో ఎందరి తాగుబోతు మరల్ని ఆయన చెత్తడబ్బాలో పడేశాడో లెక్కలేదు.

మోచేతులు పక్కటెముకలకు ఆనించాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి తిప్పాడు. రెండు కడ్డీలు, నాలుగు కొసలు. సాయంత్రమైంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గుడ్డతో కడ్డీలు తుడిచి, భూతద్దం కోసం సొరుగు లాగాడు. భార్య కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది, ఆమె తెచ్చిచ్చిన మంచి అద్దం అది. దాని వంక చూసి మళ్లీ సొరుగు మూసేశాడు. తన చేతి ముక్కను తాను చూసుకోకుండా పక్కన పెట్టడం ఇరవై తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. కళ్లు అలిసిపోయాయి అనుకున్నాడు. ఫరవాలేదులే, అనుకున్నాడు.

మర్నాడు మళ్లీ రాళ్ల గుంటకు వెళ్దామని పిలిస్తే బావమరిది చాలా పొద్దున్నే వచ్చాడు. "నువ్వు స్నానం చేసిరా బావా, నేను బిగించి ఉంచుతాను" అని కడ్డీలు అందుకున్నాడు. ఈయన తలారా నీళ్లు పోసుకుని వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంది.

రాళ్ల గుంటలో ఇంకా ఎండ రాలేదు. బండి అల్లుడి మోకాలు ఎక్కింది, నడుం ఎక్కింది. మూతి దగ్గరకొచ్చేసరికి ముందు చక్రాలు అంచు మీద ఆగి, స్పాంజి టైర్లు రాతిని పిసికినట్టు పట్టుకున్నాయి. మైక్రాన్ చూపంతా ఆ కింది కడ్డీల మీదే ఉంది. బరువంతా ఇప్పుడు వాటి మీద ఉందని ఆయనకు తెలుసు. మోటారు మూలిగింది. బండి వంగింది, జారలేదు, ఇంకో అంగుళం పాకింది. తర్వాత ఏదో మామూలు మెట్టు ఎక్కినట్టు పైకెళ్లి నిలబడింది.

ఆయన కేక పెట్టాడు. యాభై మూడేళ్ల మనిషి రాళ్ల మధ్య చెప్పుల్లేకుండా గెంతాడు. "ఒప్పుకున్నాడురా అల్లుడు! చూశావా, ఒప్పుకున్నాడు!" బావమరిది భుజాలు పట్టుకుని ఊపేశాడు. అతనూ నవ్వాడు. అయితే ఆ నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ క్షణాన్ని గమనించే స్థితిలో ఈయన లేడు.

ఆ మధ్యాహ్నం రెండుసార్లు మారు అడిగి తిన్నాడు. తిన్న కంచం తనే కడిగాడు. కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే భార్య అవతలి గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. సంతోషానికి ఏడుస్తోందనుకున్నాడు. అదీ కొంత నిజమే.

సోమవారం ఉతికిన చొక్కా వేసుకుని నేరుగా ఫోర్‌మన్ దగ్గరకు వెళ్లాడు.

"పరీక్ష ఇవాళే పెట్టు."

"ఇప్పుడా? నెలన్నరే కదా గురువుగారూ అయింది. ఇంకా..."

"మందు సంగతి వదిలెయ్. నా సంగతి నాకు తెలుసు."

ఫోర్‌మన్ ఇంకోసారి చెప్పి చూశాడు. ఈయన అప్పటికే లేతు దగ్గరకెళ్లి తన టూల్సు సర్దుకుంటున్నాడు. షాపులో మిగతా యంత్రాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు, వాళ్లంతట వాళ్లే ఆపి చూడ్డానికి వచ్చారు. ఆయనకు అది గౌరవంగానే అనిపించింది. పన్నెండు మిల్లీమీటర్ల షాఫ్టు, కొత్తవాళ్లకిచ్చే ముక్క. కడ్డీ బిగించాడు, తిప్పాడు. మొదటి కోత శుభ్రంగా వచ్చింది. రెండోదీ వచ్చింది. చివరి కోతకు టూలుని ముందుకు జరిపే హ్యాండిల్ మీద ఒకే ఒక్క గీత తిప్పాలి. చెయ్యి వేశాడు. గీత దగ్గర ఆగమన్నాడు. చెయ్యి ఆగలేదు. వెనక్కి తిప్పబోయేలోగా టూలు లోహంలోకి దిగిపోయింది.

ఫోర్‌మన్ మైక్రోమీటరు పెట్టి చూశాడు. ఇంకోచోట పెట్టి మళ్లీ చూశాడు.

"ఈ మైక్రోమీటరు పాతదైపోయింది గురువుగారూ. వేరేది తెప్పిస్తాను."

"ఎంతొచ్చింది?"

"నలభై తక్కువ."

నలభై మైక్రాన్లు. వెనక నుంచి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టడానికి ఒక మనిషైనా దొరికేవాడు. ఎక్కువుంటే కోసుకోవచ్చు, తక్కువైతే అతికించలేం అని ఈ షాపులో ప్రతివాడికీ మొదటి రోజున చెప్పింది ఆయనే. టూల్సు తుడిచి పెట్టెలో పెట్టాడు. "మైక్రోమీటర్ని అనకు. అది నీకు నేను నేర్పిన మాట కాదు" అని చెప్పి స్టోరు గది వైపు కాకుండా గేటు వైపు నడిచాడు.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. భార్య ఇంకా కళ్లజోళ్ల షాపులోనే ఉంది. బల్ల మీద బండి కనబడింది. మొన్న ఈ చెయ్యే కదా ఈ కడ్డీలను చేసింది, ఇవాళ ఎక్కడికి పోయింది అనుకున్నాడు. ఆయనకు అర్థం కానిది అదొక్కటే. తను చేసిన దాన్ని ఒకసారి చూసుకుంటే ధైర్యం వస్తుందేమోనని ఒక కడ్డీ విప్పాడు.

మర మీద బొటనవేలి గోరు ఆనించగానే ఆయన ఆగిపోయాడు. మర ఎక్కడ మొదలవుతుందో అక్కడ మెడ సన్నంగా ఉంది. గోరు అక్కడ కిందికి దిగింది. చేత్తో కోసిన మరకు మెడ అలా సన్నబడదు. ఫ్యాక్టరీలో మర కోయరు, రెండు అచ్చుల మధ్య కడ్డీని దొర్లించి నొక్కుతారు, అప్పుడు లోహం పైకుబికి మర మెడకంటే లావవుతుంది. సైకిలు పుల్ల కొస చూసినవాళ్లెవరికైనా అది తెలుసు. సొరుగు లాగి భూతద్దం తీశాడు. గాడి అద్దంలా మెరుస్తోంది, కోత గీత ఒక్కటీ లేదు. పైన కొత్త మెరుపు పోవడానికి ఎవరో కడ్డీని గరుకు కాగితంతో రుద్దారు. రెండోది విప్పి చూశాడు. అదీ అంతే.

సాయంత్రం అక్కా తమ్ముడూ ఒకేసారి వచ్చారు. ఫోర్‌మన్ ఫోను చేసినట్టున్నాడు, పరీక్షలో జరిగింది అప్పటికే వాళ్లకు తెలుసు. బల్ల మీద విప్పి పెట్టిన కడ్డీలు చూడగానే బావమరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నావెక్కడరా?" అన్నాడు మైక్రాన్.

బావమరిది చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. "పారెయ్యబుద్ధి కాలేదు బావా."

పొట్లం విప్పి, తన కడ్డీని భూతద్దం కింద పెట్టుకున్నాడు. మర మొదటి చుట్టులోనే తూలింది. తూలుతూ, ఒరుగుతూ, ఒకచోట గాడి గాడిని తొక్కుతూ కడదాకా పోయింది. అంత పచ్చిగా తాగిన మరను ఆయన తన జన్మలో చూడలేదు. ఎదుటివాడెవడైనా ఇది తెచ్చి ఉంటే "బాగుంది, ఇంకోటి చెయ్యి" అని కూడా అనేవాడు కాదు.

"నేను చూశాను" అంది భార్య. ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది. "శనివారం మీరు పడుకోగానే చూశాను. మీరు అద్దం తియ్యకపోవడం ఎప్పుడూ లేదు కదా, అందుకే చూశాను. వీడికి నేనే ఫోను చేశాను. ఆ రాత్రే తెలిసిన షాపువాణ్ని లేపి, అదే కొలతకు రెండు కడ్డీలు కొని మార్చెయ్యమన్నాను. మీరు నవ్వి ఏడాదైంది. ఆ బండి ఒక్కసారి ఎక్కితే నవ్వుతారనుకున్నాను."

"నవ్వాను కదా."

"పరీక్ష సంగతి మాకేం తెలుసండీ? ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెప్పలేదు." కడ్డీని మళ్లీ పొట్లంలో చుట్టాడు. వేళ్లు వణికి కాగితం మడత నిలవలేదు. "నేనూ చెప్పలేదు, మీరూ చెప్పలేదు. ఇంకో నెలన్నరకు మందు పట్టినా ఇప్పుడు నేనేం చేసుకోను? బాగుపడ్డ చేత్తో నట్లు లెక్కపెట్టుకోనా?"

ఆయనకు కోపం వస్తే బాగుండునని ఇద్దరూ ఎదురుచూశారు. రాలేదు. కొన్న కడ్డీలను తీసుకుని, వచ్చినంతలో నెమ్మదిగా, ఆయనే మళ్లీ బండికి బిగించాడు. కీలు రంధ్రం దొరక్క ఎంతోసేపు పట్టింది. సాయానికి బావమరిది చెయ్యి చాచి, ఆయన మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు.

"రిమోటు ఇటివ్వు."

"ఎందుకు బావా ఇప్పుడు?"

"ఇవ్వరా."

చక్రాలు బల్లకు తగలకుండా బండిని ఒక డబ్బా మీద ఎత్తి పెట్టాడు. స్విచ్చి వేసి, నాలుగేళ్లలో మొదటిసారి రిమోటు తన చేతిలోకి తీసుకుని, ముందు చక్రాలను పక్కకు మళ్లించే మీట మీద బొటనవేలు పెట్టాడు. ఆయన ఏమీ తిప్పలేదు, వేలు పెట్టాడంతే. ముందు చక్రాలు రెండూ వణికాయి. కుడికీ ఎడమకీ, చిన్నగా, ఆగకుండా వణికాయి. మోటారు గొంతు కీచుమంటోంది. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావమరిది స్విచ్చి ఆపడానికి వంగాడు.

"ఉండనీరా. ఎంత బాగా చేశామో చూడు" అన్నాడు మైక్రాన్. చక్రాల దగ్గరకు భూతద్దం తీసుకెళ్లి, అలవాటు ప్రకారం ఒక కన్ను మూసి చూశాడు. "నా చెయ్యి ఎంత వణికితే అదీ అంతే వణుకుతోంది. మైక్రాన్ తేడా లేదు."

బ్యాటరీ అయిపోయేదాకా ముగ్గురూ అలాగే చూస్తూ కూర్చున్నారు.